ఎవరు మాట్లాడేది?

కుట్టుగది, మా ఇల్లు
జూన్ 9

బాబాయికి నమస్కారం.

నాన్న పోయిన కబురు రెండు ముక్కల్లో పంపించాను. ఆ రోజు అంతకంటే చేయి ఆడలేదు. రాలేకపోయానని బాధపడుతూ మీరు రాసిన కార్డు అందింది. ఆ మోకాళ్లతో ఎలా వస్తారు? మేమేమీ అనుకోలేదు. ఎప్పటిలాగే సిరా కార్డంతా అలుక్కుపోయి ఉంది. "వీడు ఉత్తరం రాయడే, తుడుస్తాడు" అని నాన్న నవ్వేవాడు. పుర్రచేతివాళ్లందరి రాతా అంతేనని మీ తరఫున నేను వాదించేదాన్ని.

అమ్మ బాగానే ఉంది. అంటే లేస్తుంది, తింటుంది, గుమ్మం దగ్గర చెప్పుల చప్పుడైతే చటుక్కున తల తిప్పుతుంది. తిప్పాక మళ్లీ పనిలో పడుతుంది.

నిన్న ఫోన్ మోగింది. తీసి, "ఎవరు మాట్లాడేది? పేరు చెప్పండి" అన్నాను. అవతల టెలిఫోన్ ఆఫీసు గుమస్తా గారు. ఆ మాట వినగానే పాపం ఆయన ఫోన్ పెట్టేసి, కాసేపాగి మళ్లీ చేశారు. నాన్న మాట కదా అది. ముప్పై నాలుగేళ్లు ఈ ఊళ్లో లైన్‌మన్‌గా చేసిన మనిషి ఎవరి ఫోన్ బాగుచేసినా, అవతలివాళ్ల నోటితో వాళ్ల పేరు చెప్పించుకునేదాకా స్తంభం దిగేవాడు కాదు. వానలో కూడా. ఇంట్లోనూ అదే వరస. ఒకసారి అమ్మ విసిగిపోయి "నేనేనండీ, మీ పెళ్లాన్ని" అంటే, "పేరు చెప్పండి" అన్నాడట. అమ్మ రెండు రోజులు మాట్లాడలేదు. ఎందుకు నాన్నా ఈ చాదస్తం అంటే, "గంట మోగితే సరిపోదే సూదీ" అనేవాడు. కుట్టుపనిలో పడ్డప్పటి నుంచి ఆయనకి నేను సూదినే కదా.

అసలు సంగతికి వస్తాను. యుద్ధానికి వెళ్లొచ్చినవాళ్ల కోసం ఊరి నడిమధ్య కట్టిన స్తంభం మీకు తెలుసు కదా. దాని పక్కన నాన్న పేరిట రాయి పెడతారట. కమిటీ పెద్దాయన మొన్న ఇంటికొచ్చాడు. మండుటెండలో కూడా కోటు విప్పడు, అందుకని మేం కోటాయన అంటాం. "మీ నాన్నగారు యుద్ధంలో ఏం చేశారో నాలుగు వాక్యాలు రాసివ్వమ్మా, చెక్కిస్తాం. నవంబరు మొదటి ఆదివారం సభలో రాయి మీద గుడ్డ తీస్తాం" అన్నాడు.

నాకేం తెలుసని రాయను? నాన్న ఒక్క ఏడు కూడా ఆ సభకి వెళ్లలేదు. ఊళ్లో కొందరు పొగరన్నారు. కొందరు ఇంకోటన్నారు. ఏడో తరగతిలో ఒక పిల్ల నా మొహం మీదే అంది: "మీ నాన్న చేసిన పొరపాటుకి సైనికులు చచ్చిపోయారట." ఏడుస్తూ ఇంటికొచ్చి అడిగాను. నాన్న నా జడ విప్పి మళ్లీ అల్లాడు.

యుద్ధంలో ఆయనతో పనిచేసినవాళ్లలో మిగిలింది మీరొక్కరే. ఫోన్‌లో అడుగుదామంటే మీ చెవులతో కుదరదు. "ఊరందరికీ ఫోన్లు కలిపాను, నా పుర్రచేతోడికి మాత్రం ఉత్తరమే గతి" అనేవాడు నాన్న. అందుకే రాస్తున్నాను. మంచైనా చెడైనా నిజం రాయండి. తెలియకుండా నా చేత్తో ఏదీ చెక్కించలేను.

మీ సూది


వెనక వరండా
జూన్ 21

చిట్టి సూదికి మీ బాబాయి దీవెనలు.

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. చదివిన ప్రతిసారీ మీ అమ్మ చేసిన ఆ ఫోన్ సంగతి దగ్గర నవ్వొచ్చింది, ఆ తర్వాత వచ్చింది నవ్వు కాదు.

మీ నాన్న గురించి చెప్పాలంటే ఎక్కడ మొదలుపెట్టను? నాకంటే మూడేళ్లు పెద్ద. మా పని తుపాకీ పని కాదమ్మా, తీగ పని. వీపు మీద తీగ చుట్టలు మోసుకుంటూ, ఆఫీసర్లుండే చోటి నుంచి ముందుండే పోస్టులదాకా నేల మీద ఫోన్ తీగ పరచడం. గుండ్లు పడి తెగితే పాకుతూ వెళ్లి కలపడం. నేను చేరిన మొదటి వారమే వానకి నా బూట్లు నాని కాళ్లు పుళ్లు పడ్డాయి. అన్న తన బూట్లు విప్పి నాకిచ్చాడు. నా పాదం ఆయన దానికంటే పెద్దది, అందులో పట్టలేదు. "అయితే నువ్వు కూర్చో, నేను నడుస్తాను" అని ఆ పూట నా చుట్టలు కూడా తనే మోశాడు. అలాంటి మనిషి.

బ్రెడ్డు ముక్క దొరికితే రెండు చేసేవాడు. ఎప్పుడూ పెద్ద ముక్క నాకే వచ్చేది. అది చూసి మావాళ్లు నన్ను "లైన్‌మన్ గారి తమ్ముడు" అని ఏడిపించేవారు.

ఊళ్లో వాళ్ల మాటలు పట్టించుకోకు. నోరున్నాక ఏదో ఒకటి అంటారు. రాయి మీదకి నేనే నాలుగు వాక్యాలు రాశాను, చూడు:

"నిప్పులు కురుస్తున్న రణరంగంలో ప్రాణాలకు తెగించి సేవలందించిన ధీరుడు. కర్తవ్యమే ఊపిరిగా జీవించిన మహనీయుడు. తోటివారికి అన్న. ఈ ఊరికి గర్వకారణం."

బాగుంది కదా? ఇదే చెక్కించు. మీ అమ్మని వేళకి తినమను.

బాబాయి


కుట్టుగది
జూలై 15

బాబాయికి నమస్కారం.

మీ నాలుగు వాక్యాలు అమ్మకి చదివి వినిపించాను. "ఎవరే ఈయన?" అంది. నేను కూడా అదే అడుగుదామనుకున్నాను. మీరు రాసిన ధీరుణ్ణి నేనెప్పుడూ చూడలేదు. నాకు తెలిసిన మనిషి నిచ్చెన భుజాన వేసుకుని, ప్యాంటు మోకాలి దగ్గర నేను వేసిన అతుకుతో తిరిగేవాడు. బూట్ల సంగతి మాత్రం దాచుకున్నాను. అది మా నాన్నే.

అడిగినదానికి మీరు నీళ్లు నమిలారు బాబాయ్. సరే, మీరు చెప్పలేదు, పెట్టె చెప్పింది.

అటక మీది రేకు పెట్టెలో నాన్న పాత యూనిఫాం అడుగున ఒక కవరుంది. అప్పట్లో జరిగిన విచారణ కాగితాల నకలు. అమ్మ కూడా ఎప్పుడూ చూడలేదట. ఆఫీసర్లు అడుగుతుంటే నాన్న చెప్పిన జవాబులు. అందులో కొన్ని ఉన్నవి ఉన్నట్టు రాస్తున్నాను.

"ప్రశ్న: గుట్ట పోస్టు తీగకి ఒక ముడి, వాగు పోస్టు తీగకి రెండు ముళ్లు గుర్తుగా ఉన్నాయి. తెగిన తీగలు కలిపేముందు ఆ ముళ్లు తడిమి చూశావా?
జవాబు: లేదు. తొందరలో అందిన కొసకి అందిన కొస కలిపాను.
ప్రశ్న: కలిపాక అవతల ఎవరున్నారో అడిగావా?
జవాబు: లేదు. గంట మోగింది. అది చాలనుకున్నాను.
ప్రశ్న: ఇందులో ఇంకెవరి తప్పయినా ఉందా?
జవాబు: లేదు. నాదే."

మిగతాది చివరి పేజీలో ఉంది. తీగలు అటుదిటు ఇటుదటు కలిశాయి. వాగు పోస్టు వాళ్లని వెనక్కి వచ్చేయమని ఆఫీసరు ఫోన్‌లో ఇచ్చిన ఆజ్ఞ గుట్ట పోస్టుకి వెళ్లింది. గుట్ట మీదవాళ్లు దిగి వచ్చేశారు. వాగు దగ్గర ఉన్న ఆరుగురికీ ఏ కబురూ అందలేదు. వాళ్లు అక్కడే ఉండిపోయారు. ఆరుగురి పేర్లూ వరసగా ఉన్నాయి.

బాబాయ్, ఇది చదివాక నేను మిషను ముందు కూర్చుని ఒక్క కుట్టు కూడా వేయలేకపోయాను. "పేరు చెప్పండి" అని ఆయన అంటుంటే మేమంతా నవ్వుకున్నాం. గుమ్మంలో నిలబడి నేను ఆయన్ని వెక్కిరిస్తూ అలాగే అనేదాన్ని. ఆయన కూడా నవ్వేవాడు. ఎలా నవ్వాడు బాబాయ్?

ఒక్కటే అడుగుతున్నాను. ఈ కాగితంలో ఉన్నది నిజమేనా? తప్పంతా నాన్నదేనా? అయితే ఆ రాయి నేను పెట్టనివ్వను. ఆరుగురు పోయిన చోట ఆయన్ని ధీరుడని చెక్కితే ముందు ఆయనే ఒప్పుకోడు. అవునో కాదో, ఒక్క ముక్క రాయండి చాలు.

సూది


వెనక వరండా
ఆగస్టు 2

సూదికి,

అవును. కాగితంలో ఉన్నది నిజమే.

పొగమంచు, పైన గుండ్లు, ఒక్కడే వెళ్లాడు. ముళ్లు చూసుకునే వ్యవధి లేకపోయింది. ఎవరికైనా జరిగేదే. ఆ రోజు నేను గాయపడి ఆస్పత్రి డేరాలో ఉన్నాను కాబట్టి నాకు ఇంతకంటే తెలియదు.

రాయి పెట్టనివ్వు తల్లీ. పాతవన్నీ తవ్వుకుంటే ఎవరికి లాభం? నాకు ఒంట్లో అంత బాగుండటం లేదు. ఎక్కువ రాయలేను.

బాబాయి


కుట్టుగది
ఆగస్టు 14

బాబాయికి,

రాయి వద్దని కోటాయనకి చెప్పేశాను. కారణం అడిగాడు. మా ఇంట్లో ఇష్టం లేదన్నాను. "తండ్రికి గౌరవం వస్తుంటే అడ్డంపడే కూతుర్ని ఇప్పుడే చూస్తున్నాను" అని లేచి వెళ్లిపోయాడు. కుర్చీ వెనక్కి కూడా జరపలేదు.

సాయంత్రానికి ఊరంతా తెలిసింది. గుడ్డలివ్వడానికొచ్చిన ఇద్దరు ముగ్గురు నా మొహం వంక అదోలా చూశారు. చూడనీ.

ఆస్పత్రిలో చివరి నాలుగు రోజులూ నాన్నకి చూపు ఆనలేదు. మంచం పక్కకి ఎవరొచ్చినా "ఎవరు మాట్లాడేది?" అనేవాడు. నేను పేరు చెప్పేదాన్ని. నిమిషం ఆగి మళ్లీ అడిగేవాడు. ఒక రోజు నలభై సార్లయినా చెప్పి ఉంటాను. చివరికి విసుక్కున్నాను బాబాయ్. "నేనే నాన్నా, ఎన్నిసార్లు చెప్పను!" అన్నాను. ఆ తర్వాత ఆయన అడగలేదు.

ఆ విసుగుని ఇప్పుడు ఎక్కడ పెట్టుకోను?

సూది


కుట్టుగది
అక్టోబరు 3

బాబాయికి,

నా ఆగస్టు ఉత్తరానికి మీ జవాబు రాలేదు. ఒంట్లో ఎలా ఉంది?

నిన్న టెలిఫోన్ ఆఫీసు గుమస్తా గారు నాన్న పనిముట్ల సంచి తెచ్చి ఇచ్చారు. రిటైరైన రోజు "ఇక్కడే ఉండనీ, ఎవరికైనా పనికొస్తుంది" అని నాన్న అక్కడే కొక్కేనికి తగిలించి వచ్చాడట. ఎవరూ ముట్టుకోలేదు. పట్టకారు, మేకులు, నల్ల టేపు ఉన్నాయి. సంచి మూత లోపలివైపు సిరాతో ఆరు పేర్లు. చిన్నప్పుడు చూసి, ఫోన్ పాడైనవాళ్ల పేర్లేమో అనుకున్నాను. విచారణ కాగితంతో పోల్చి చూశాను. వాళ్లే. ముప్పై నాలుగేళ్లు ఆ సంచి తెరిచిన ప్రతిసారీ ఆ ఆరు పేర్లు చూసుకుని పని మొదలుపెట్టాడన్నమాట.

అడుగున ఒక చిన్న రేకు డబ్బా. అందులో పాత నల్ల తీగ ముక్కలు రెండు, ఒక్కోటీ జానెడు. ప్రతిదానికీ మధ్యలో అతుకు, అతుక్కి రెండువైపులా గుర్తుకి కట్టిన దారం. ఒక ముక్కకి ఈ వైపు ఒక ముడి, ఆ వైపు ఒక ముడి. రెండో ముక్కకి ఈ వైపు రెండు, ఆ వైపు రెండు.

మొదట నాకేమీ వెలగలేదు. తీగ బల్ల మీద పెట్టుకుని పనిలో పడ్డాను. నా కొట్లో ఎవరి గుడ్డ ముక్కలకి వాళ్ల చీటీ దారంతో కడతాం. కిందటి నెల నా దగ్గర పనిచేసే ఆవిడ ఇద్దరి చీటీలు తారుమారు చేసింది. నేను చీటీ చూసే కుట్టాను, ఒక్క కుట్టు తప్పు పోలేదు. అయినా ఒకావిడ గౌను ఇంకొకావిడ కొలతకి తయారైంది. అది గుర్తొచ్చి చేతిలో కత్తెర కింద పెట్టేశాను.

నాన్న ముళ్లు చూశాడు బాబాయ్. ఒకటికి ఒకటి, రెండుకి రెండు, తడిమి సరిగ్గా కలిపాడు. విచారణలో అబద్ధం చెప్పాడు, ఎవరి కంటా పడకుండా ఆ అతుకులు కోసి తెచ్చి దాచాడు. సరిగ్గా కలిపినా కబురు తప్పు చోటికి వెళ్లిందంటే, ముళ్లే తప్పు కట్టి ఉన్నాయి.

ఇంకో సంగతి. ఇరవై ఏళ్లుగా దారం ముడివేస్తున్నదాన్ని, ఏ చేత్తో వేసిన ముడో చూడగానే తెలుస్తుంది. ఇవన్నీ ఎడమచేతి ముళ్లు.

నేనేమీ అడగడం లేదు. జూలైలో అడిగాను, మీరు జవాబిచ్చారు.

సూది


వెనక వరండా
అక్టోబరు 12

తల్లీ,

నిన్ను తల్లీ అని పిలిచే అర్హత ఉందో లేదో తెలియదు. వేరే ఎలా పిలవాలో కూడా తెలియదు.

ఆ ముళ్లు నావే.

ముందురోజు మధ్యాహ్నం రెండు తీగలూ నేనే పరిచాను. దారిలో ఒక కల్వర్టు. రెండు చుట్టలూ కింద పెట్టి, అక్కడున్న నీళ్లతో మొహం కడుక్కున్నాను. ఎండగా ఉంది, నీళ్లు చల్లగా ఉన్నాయి, ఇంకాస్త సేపు కూర్చున్నాను. లేచి చుట్టలు ఎత్తుకున్నప్పుడు ఏది ఏ చేతిలో ఉండేదో చూసుకోలేదు. కల్వర్టు దాటాక గుట్ట తీగకి రెండు ముళ్లు, వాగు తీగకి ఒక ముడి వేసుకుంటూ పోయాను. తీగలు తెగనంత వరకూ ముళ్లతో ఎవరికీ పనిలేదు, అందుకే ఎవరికీ తెలియలేదు. ఆ సాయంత్రమే నా పక్కన గుండు పడింది. చెవులు పోయాయి. నన్ను డేరాకి మోసుకెళ్లారు.

మర్నాడు ఉదయం తీగలు సరిగ్గా ఆ కల్వర్టు దగ్గరే తెగాయి. నేను పక్కనుంటే ఇద్దరం వెళ్లేవాళ్లం. అన్న ఒక్కడే వెళ్లాడు. మిగతాది తర్వాత మావాళ్లు రాసి చూపించిందీ, నీ ఉత్తరం చూశాక నాకు తెలిసిందీ. బురదలో బోర్లా పడుకుని, చేతులు పొట్ట కింద పెట్టుకుని, వేళ్లతో తడిమి కలిపాడు. కళ్లతో చూడ్డానికి తల ఎత్తే వీలు లేదు. వెంట తెచ్చుకున్న ఫోన్ తిప్పితే అవతల గంట మోగింది. గుండ్ల మోతలో ఎవరని అడగలేదు, వెనక్కి పాకాడు. లైనులో గరగర, అందులోనే ఆఫీసరు "వెనక్కి వచ్చేయండి" అని మూడుసార్లు అరిచి పెట్టేశాడు. అవతల ఎవరో ఆయనా అడగలేదు.

మూడో రోజు అన్న డేరాకి వచ్చాడు. నాకు వినపడదు కాబట్టి కాగితం మీద రాసి చూపించాడు. "ఆరుగురు పోయారు. నేను ముళ్లు చూడలేదు. తప్పు నాది. నువ్వు పడుకో."

నేనింకా ఏమీ అడగలేదు సూదీ. అడగకముందే ముళ్లు చూడలేదని ఎందుకు రాశాడు? నలభై అయిదేళ్లలో ఒక్కసారైనా నేను ఆ ప్రశ్న వేసుకుని ఉంటే నాకు తెలిసిపోయేది. వేసుకోలేదు. కల్వర్టు దగ్గర చుట్టలు మారాయేమో అని మంచం మీదే అనుమానం వచ్చింది. ఆ కాగితం చదవగానే ఊపిరి తిరిగింది. ఆయన చూడలేదు కాబట్టి నా ముళ్లతో ఈ పాపానికి సంబంధం లేదు. ఆ ఒక్క ముక్క పట్టుకుని పెళ్లి చేసుకున్నాను, పిల్లల్ని పెంచాను, నిద్రపోయాను.

ఒక్కసారి చెప్పబోయాను. నీకు అయిదేళ్లప్పుడు మీ ఇంటికి వచ్చాను. వరండాలో ఇద్దరమే ఉన్నాం. "అన్నా, ఆ కల్వర్టు దగ్గర..." అన్నాను. ఆయన నా చేతిలోకి గ్లాసు తోశాడు. పెదాలు కదిలాయి. పెదాలు చదవడం అప్పటికి వచ్చేసింది నాకు. "టీ చల్లారిపోతోందిరా, తాగు" అన్నాడు. నేను తాగాను. ఆయన వినదలుచుకోలేదు కదా అనుకుని లోపల సంతోషించాను. ఆయనకి అంతా తెలుసని, నా కోసమే నా నోరు మూయించాడని నీ ఉత్తరం చదివాకే తెలిసింది. ఇప్పుడు ఎవరికి చెప్పుకోను?

జూలైలో నువ్వు అవునో కాదో అడిగినప్పుడు కలం పట్టుకుని రెండు వారాలు కూర్చున్నాను. చివరికి ఆ అవును రాసి పోస్టులో వేసింది నేనే.

దీనితో ఇంకో కాగితం పెడుతున్నాను. జరిగిందంతా రాసి సంతకం చేశాను. మీ కోటాయనకి ఇవ్వు. సభలో చదవమను. రాయి మీద మీ నాన్నకి మచ్చ లేకుండా చేయి.

మీ
పుర్రచేతివాడు


కుట్టుగది
అక్టోబరు 20

బాబాయ్,

మీ కాగితం కోటాయనకి ఇవ్వలేదు. ఎందుకో చెప్తాను, ముందు నా కోపం వినండి.

ఇరవై ఒకటేళ్ల కుర్రాడు ఎండలో మొహం కడుక్కుని చుట్టలు తారుమారుగా ఎత్తుకున్నాడు. దానికి నేను కోప్పడలేను. చీటీ మార్చినందుకు నా దగ్గర పనిచేసే ఆవిణ్ణే ఒక్క మాట అనలేదు. కానీ ఆగస్టులో మీరు ఇరవై ఒకటేళ్ల కుర్రాడు కాదు. పోయిన మనిషి కూతురు కాళ్లావేళ్లా పడి అడిగితే, మంచం మీద మీకు రాసిచ్చిన అబద్ధాన్నే తిప్పి నా చేతిలో పెట్టారు. దాన్ని పట్టుకుని వెళ్లి నా నోటితో నేనే మా నాన్నకి రాయి వద్దన్నాను. రెండు నెలలు ఆయన్ని తలుచుకున్నప్పుడల్లా ఆయన చేతులే కనిపించేవి. నా జడ అల్లిన చేతులు. వాటిని తలుచుకుని భయపడ్డాను బాబాయ్. అది మీరు నాకు చేసింది. దాన్ని ఎప్పుడు మరిచిపోతానో నాకు తెలియదు.

ఇక అమ్మ సంగతి. మీ ఉత్తరం అమ్మకి చదివాను. ఉత్తరం తీసుకుని మడతపెట్టింది. తర్వాత, "మీ నాన్నగారు ఈయన ఉత్తరం వచ్చిన ప్రతిసారీ ముందు చివరి పేజీ చూసేవారే. నిలబడే చూసేవారు. చూసి, 'బానే ఉన్నాడు' అని అప్పుడు కూర్చుని మొదటి నుంచి చదివేవారు. ఏం చూస్తారండీ అంటే చెప్పేవారు కాదు" అంది.

ఏం చూసేవాడో ఇప్పుడు మనకి తెలుసు. మీకు తెలిసిపోయిందేమో, చివర్లో ఆ మాట రాశారేమో అని చూసేవాడు. తెలియలేదని తేలితే ఆ నెల గడిచినట్టే. నలభై అయిదేళ్లు నెలకొకసారి ఆ భయం ఆయన పడ్డాడు, మీరు పడకూడదని. ఆయన అంత కష్టపడి దాచింది నేను మైకులో చదివించలేను. మీ కాగితం తీగ ముక్కలతోపాటు రేకు డబ్బాలో పెట్టాను.

అలాగని నాన్నని దేవుణ్ణీ చేయను. ఎవరు మాట్లాడేది అని ఆ ఒక్క మాట అడిగి ఉంటే ఆరుగురూ బతికేవారు. అది ఆయన తప్పే. ఆయనకీ తెలుసు, అందుకే బతికినన్నాళ్లూ అడుగుతూనే ఉన్నాడు.

రాయి పెడుతున్నాం. నేనే కోటాయన ఇంటికి వెళ్లి క్షమాపణ చెప్పుకున్నాను. నాలుగు వాక్యాలూ తీసేశాను. ముందు సంచి మూత మీది ఆరు పేర్లు, అదే వరసలో. కింద నాన్న పేరు, అంతే అక్షరాల్లో. ఇంకేమీ లేదు. "ధైర్యం గురించి ఒక్క ముక్కయినా లేకపోతే ఎలాగమ్మా, రాయి బోసిగా ఉంటుంది" అన్నాడు. ఉండనివ్వండి అన్నాను.

నాన్న పేరు కింద ఇంకో పేరు పట్టేంత చోటు వదలమని రాళ్లు చెక్కే ఆయనకి చెప్పాను. "ఎవరికమ్మా?" అన్నాడు. ఇంకొకాయన ఉన్నారన్నాను. "ఎక్కడ?" "వాళ్లింట్లో, వరండాలో." ఆయన ఉలి కింద పెట్టేశాడు. "బతికున్న మనిషికి రాయి మీద చోటా? ఇదేం చోద్యం తల్లీ!" అన్నాడు.

అక్కడ మీ పేరు పడాలో వద్దో నేను చెప్పను. నాన్న ఎవరికీ చెప్పలేదు, నేనూ చెప్పను. చెప్పాల్సింది మీరే. సభ నవంబరు మొదటి ఆదివారం పొద్దున్న పది గంటలకి.

సూది


వెనక వరండా
అక్టోబరు 27

సూదికి,

నీ కోపం న్యాయమైనది. మరిచిపోవద్దు. నేను అడగను కూడా.

నేను వస్తున్నాను. మా అబ్బాయి తోడొస్తానన్నాడు, వద్దన్నాను. మోకాళ్లు ఎలాగో మోసుకొస్తాయి. శనివారం మధ్యాహ్నం బస్సు. దిగగానే మీ ఇంటికి రాను. ముందు స్తంభం దగ్గరికి వెళ్లి ఆ ఆరు పేర్లూ చదువుకోవాలి. తర్వాత ఆయన పేరు. ఆ ఖాళీ చోటు చూసుకోవాలి. చూశాక కాళ్లు నిలబడితే, ఆదివారం సభలో లేచి నా నోటితో నేనే చెబుతాను. అన్న దాచింది నువ్వు విప్పనక్కర్లేదు.

ఒక్క కోరిక. బస్టాండులో ఫోనుంటుంది కదా. అక్కడి నుంచి మీ ఇంటికి ఫోన్ చేస్తాను. నా నవ్వులాటలు నీకు తెలుసు గాని ఇది నవ్వులాట కాదు. ఫోన్లు కలిపే మనిషికి తమ్ముణ్ణనిపించుకుని, ఆయన బతికుండగా ఆయనతో ఒక్కసారి కూడా ఫోన్‌లో మాట్లాడలేదు. చెవులు లేవు కదా, ఎందుకులే అనుకున్నాను. మాట్లాడితే ఆయన అడిగేవాడు. అందుకే మాట్లాడలేదేమో అని ఇప్పుడనిపిస్తోంది.

మూడు గంటలు దాటాక మోగుతుంది. నువ్వే తీయి. తీసి మీ నాన్న అడిగినట్టే అడుగు. నాకు వినపడదు. అయినా అడుగు. నువ్వు అడగడానికి పట్టేంత సేపు ఆగి, నా పేరు చెబుతాను.

బాబాయి